సాన్‌లూకార్ రేవులో చేపల భోజనం: ఒకే మెనూ, ఆరు కొలతలు

స్పెయిన్ నైరుతి కొసన, గ్వాదల్‌కివీర్ నది అట్లాంటిక్‌లో కలిసే చోట సాన్‌లూకార్ దే బరామేదా ఉంది. 1519లో మాజెలాన్ నౌకలు మహాసముద్రంలోకి దిగింది ఇక్కడి నుంచే. మూడేళ్ల తర్వాత ఎల్కానో భూమిని చుట్టి తిరిగొచ్చిందీ ఇక్కడికే. ఇప్పుడు ఊరికి పేరు తెస్తున్నవి మాత్రం రొయ్యలు. నది ఒడ్డున బాహో దే గీయా అనే పాత మత్స్యకారుల పేటలో చేపల హోటళ్లు వరసగా ఉంటాయి. ఆవలి ఒడ్డు దొన్యానా జాతీయ వనం. ఇక్కడ ఆర్భాటం తక్కువ, బిల్లు మాత్రం ఎప్పుడూ తక్కువని చెప్పలేం.

కొత్తగా వెళ్లినవాళ్లు తికమక పడేది రుచి దగ్గర కాదు, ధరల పట్టీ దగ్గర. ఒక వరసలో ప్లేటు ధర, దాని కింద ఒక్కో ముక్క ధర, ఆ కింద వంద గ్రాముల ధర, తర్వాత కిలో ధర, అన్నం వంటకాలకు మనిషికింత అని ధర. ఇవన్నీ పోను కొన్నింటి పక్కన అంకె ఉండదు, ‘ఎస్/ఎమ్’ అని రెండు అక్షరాలే ఉంటాయి. ‘సెగున్ మెర్కాదో’కి అది పొట్టి రూపం. మార్కెట్టును బట్టి అని. ఇంత గజిబిజి ఎందుకంటే ప్రతి సరుకూ వంటింటికి చేరే దారి వేరు. ఏ కొలత వెనక ఏ దారి ఉందో తెలిస్తే ఏది అడగాలో, ఏది వదిలేయాలో, ఎక్కడ జేబుకు చిల్లు పడుతుందో మెనూ కార్డు చూడగానే తెలిసిపోతుంది.

ధర పుట్టే చోటు

ఊరి చేపల రేవు పేరు బొనాన్సా. బాహో దే గీయా నుంచి నది వెంబడి కొద్ది దూరం పైకి వెళ్తే వస్తుంది. అక్కడి వేలంశాలను ‘లోన్‌హా’ అంటారు. తెల్లవారుజామున వెళ్లిన ట్రాలర్లు మధ్యాహ్నం దాటాక తిరిగొస్తాయి, సాయంత్రం వేలం మొదలవుతుంది. మన విశాఖ హార్బర్‌లో పాట కింద మొదలై పైకి పోతుంది. ఇక్కడ తెరమీద ధర పైన మొదలై గబగబా దిగుతుంది. ముందు బటన్ నొక్కినవాడికి పెట్టె దక్కుతుంది. కాస్త ఆగితే రెండు యూరోలు మిగలొచ్చు, అసలు పెట్టే చేజారిపోవచ్చు. పేరున్న హోటళ్ల తరఫున కొనేవాళ్లు మంచి పెట్టె కోసం ముందే నొక్కేస్తారు. అందువల్ల గాలి బలంగా వీచి పడవలు తక్కువగా వెళ్లిన రోజున ధర ఒక్కసారిగా ఎగురుతుంది. నిన్నటి ధరను కార్డు మీద అచ్చు వేయలేని సరుకుకే ‘ఎస్/ఎమ్’ పడుతుంది.

ఆ అక్షరాలు కనిపిస్తే చేయాల్సింది ఒక్కటే. తినకముందే ‘ఆ క్వాంతో ఎస్తా?’ అని అడగడం, ఎంత పడుతుందని. ఇక్కడ అది మొహమాటపడాల్సిన ప్రశ్న కాదు, స్థానికులూ అడుగుతారు. అంకె చెప్పాక ‘కిలోకా, వంద గ్రాములకా?’ అన్నది కూడా తేల్చుకోవాలి. వెయిటర్ నోటితో చెప్పే, కార్డులో లేని ఆ రోజు ప్రత్యేకాలకూ ఇదే పద్ధతి. నిజానికి వాటిలోనే మంచి సరుకు ఉంటుంది, పెద్ద బిల్లూ వాటిలోనే ఉంటుంది. ‘కే ఆ ఎంత్రాదో ఓయ్?’, అంటే ఈరోజు ఏం వచ్చింది అని అడిగి, జవాబు విన్నాక కార్డు తెరవడం మేలు.

వేలానికి వారం లెక్క కూడా ఉంది. వారాంతంలో ట్రాలర్లు రేవులోనే ఉంటాయి. కనుక ఆదివారం మధ్యాహ్నం మీ ప్లేటులోకి వచ్చేది మామూలుగా శుక్రవారం వేలంలో కొన్నది. సోమవారం మధ్యాహ్నం వచ్చేదీ అంతే, అప్పటికి ఇంకా వేలం జరగదు కదా. అలాగని అది చెడిపోయినదేం కాదు, మంచులో సరిగ్గా ఉంచిన పెద్ద చేప రెండు మూడు రోజులకు ఏమీ కాదు. చిన్న చేపలు, రొయ్యలు అలా ఆగవు. ఎంచుకునే వీలుంటే మంగళవారం నుంచి శుక్రవారం మధ్య వెళ్లండి. శరదృతువులో చేపలు పెరగడానికని ఈ తీరాన్ని ఆనుకున్న కాదిస్ సింధుశాఖలో ట్రాలర్లను సుమారు నెలన్నర ఆపేస్తారు. ఆ రోజుల్లో చిన్న పడవల సరుకు, బయటి రేవుల సరుకు, ఫ్రీజర్ సరుకు కలగలిసి ఉంటాయి.

వంద గ్రాముల ధర: రొయ్యలు

సాన్‌లూకార్ రొయ్యను ‘లాంగోస్తీనో దే సాన్‌లూకార్’ అంటారు. పెంకు మీద అడ్డచారలు, తోక రెక్కల చివర నీలిఛాయ. నది తీపినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసే చోట పెరుగుతుంది కనుకే ఈ రుచి అని స్థానికుల మాట. ఇది ఖరీదైన సరుకు, అందుకే తూకం మీద అమ్ముతారు. కార్డులో వంద గ్రాములకు 9 యూరోలని ఉందనుకోండి. ‘ఒక ప్లేటు’ అని చెప్పి ఊరుకుంటే వంటింట్లో చేతికి వచ్చినన్ని వేసి తూస్తారు. అది 340 గ్రాములు తూగితే 30 యూరోల 60 సెంట్లు. అందుకని ప్లేటు అనకుండా ‘200 గ్రాములు’ అని గ్రాముల్లో చెప్పాలి. 25 గ్రాముల రొయ్యలైతే అవి ఎనిమిది వస్తాయి. ఇద్దరికి రుచి చూడడానికి సరిపోతాయి.

ఇక్కడ దొర్లే పొరపాటు పేరులో ఉంది. కార్డులో ఊరి పేరు లేకుండా ఉత్త ‘లాంగోస్తీనోస్’ అని, ధర కూడా మర్యాదగా ఉంటే అది చాలావరకు ఈక్వడార్ చెరువుల్లో పెరిగి గడ్డకట్టి వచ్చిన వెన్నామై. భీమవరం చుట్టుపక్కల వాళ్లకు పరిచయం చేయనక్కర్లేని రకం. దాన్ని తినడంలో తప్పేం లేదు గానీ, దానికోసం ఇంత దూరం రావాలా? ఉడికాక వెన్నామై ఒకే తీరు గులాబీరంగులో ఉంటుంది, చారలుండవు. చేపల కొట్టులో అయితే ఏ సముద్రంలో పట్టారో, శాస్త్రీయ నామమేమిటో చీటీ మీద రాయాలని యూరోపియన్ నిబంధన ఉంది. హోటల్ ఆ చీటీని టేబుల్ దాకా తేనక్కర్లేదు. అడిగితేనే తెలుస్తుంది.

తాజా రొయ్యను ఉడికించే తినాలి. పెనం మీద కాల్చిన రొయ్య కమ్మగానే ఉంటుంది, కానీ ఆ మాడు వాసన కింద కొంచెం పాతబడ్డ సరుకు కూడా దాక్కుంటుంది. ఉడికించినదానికి దాక్కునే చోటు లేదు. పద్ధతి చిన్నదే: లీటరు నీటికి 50 నుంచి 60 గ్రాముల ఉప్పు, అంటే సముద్రపు నీటికంటే ఎక్కువ. నీళ్లు తెర్లేటప్పుడు రొయ్యలు వేసి, మళ్లీ పొంగు వచ్చాక పరిమాణాన్ని బట్టి ఒకటి రెండు నిమిషాలు, వెంటనే మంచునీళ్లలోకి. ఆ మంచునీళ్లలోనూ ఉప్పు ఉండాలి, లేకపోతే లోపలికి ఎక్కిన ఉప్పు బయటికి వచ్చేస్తుంది. చల్లదనానికి ఉడకడం ఆగుతుంది, మాంసం బిగుస్తుంది, పెంకు సులువుగా ఊడుతుంది. పెంకు మాంసానికి అతుక్కుని చీలికలుగా వస్తుంటే ఎక్కువసేపు ఉడికిందన్నమాట. తల నల్లబడి, మెడ దగ్గర వదులైతే సరుకు పాతది. ఆ నలుపు రాకుండా పడవలోనే సల్ఫైట్లు అనే నిల్వ రసాయనాలు చల్లడం మామూలే. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్లు పడవు కనుక అడిగి తినాలి.

తల పీల్చడం ఇక్కడి అలవాటు, ఎవరూ వింతగా చూడరు. అయితే రొయ్య తలలోని ముదురు పదార్థంలో కాడ్మియం అనే విషపు లోహం చేరుతుంది. దాన్ని తరచుగా తినొద్దని స్పెయిన్ ఆహార భద్రత సంస్థ సలహా. ప్రయాణంలో ఒకపూట తింటే కొంప మునగదు.

కిలో ధర: పూర్తి చేప

గాజు పెట్టెలో మంచు మీద పరిచిన పెద్ద చేపలకు కిలో ధర ఉంటుంది. ఆ తూకం తల, పొలుసు, ముల్లుతో సహా. కిలో 45 యూరోల చేప 1.2 కిలోలుంటే 54 యూరోలు. అందులో నోటికి వచ్చేది దాదాపు సగం, 600 గ్రాములు. ముగ్గురికి సరి. ఒక్కరికైతే ఇది పెట్టుకోకూడదు, ఇద్దరికైతే 800 గ్రాముల చేప చూపించమనాలి. చేపను టేబుల్ దగ్గరికి తెచ్చి చూపించడం, తూకం చెప్పడం మంచి హోటళ్లలో రివాజు. చూపించకుండా వండేస్తామంటే అక్కడే ఆపండి.

పెట్టెలో ఉన్నవన్నీ ఒకే అచ్చులో పోసినట్టు 400, 500 గ్రాములుంటే అవి చాలావరకు పెంపకం చేపలే. లుబీనా (సీబాస్), దొరాదా (సీబ్రీమ్) రెండూ అలా వస్తాయి. సముద్రంలో పట్టిన చేపల్లో చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటాయి. పెంపకం చేపకు పెంపకం ధరే ఉండాలి, అంతవరకే మన వాదన.

వీటిని కాల్చి గానీ, ఉప్పుగుట్టలో కప్పి ఓవెన్‌లో పెట్టి గానీ ఇస్తారు. ఉప్పులో వండేది అరగంట పైన పడుతుంది, కూర్చోగానే చెప్పాలి. మసాలా అంటూ ఏమీ ఉండదు. ఆలివ్ నూనె, వెల్లుల్లి, నిమ్మ, అంతే. కారం కోసం వెతకొద్దు.

ప్లేటు ధర: వేపుళ్లు

అసలు కాదిస్ తీరపు ప్రతిభ వేపుడులో ఉంది. పూర్తి ప్లేటు ‘రాసియోన్’, సగం ‘మెదియా రాసియోన్’, చిన్న గిన్నెడు ‘తాపా’. రాసియోన్ ఇద్దరు ముగ్గురు పంచుకునేది. తాపా చాలా చోట్ల లోపలి బార్ దగ్గరే ఇస్తారు, నది ఒడ్డు టేబుళ్ల మీద ఇవ్వరు. అక్కడ సగం ప్లేటే అన్నిటికంటే చిన్న కొలత. ఆరుబయట కూర్చుంటే ధర కొంచెం ఎక్కువ వేయొచ్చు, కానీ అది ముందే రాసి ఉండాలి.

అసెదియా అనేది అరచేతి పొడవు నాలుక చేప. బొకెరోన్ మన నెత్తళ్ల చుట్టం. పున్తియీతాస్ వేలెడంత లేని స్క్విడ్, చోకో అంటే కటిల్‌ఫిష్. వీటికి పిండి పట్టించడంలోనే పనితనమంతా. గోధుమ పిండే, కానీ మెత్తనిది కాదు, చేతికి రవ్వలా తగిలే ముతక రకం. చేపను కడిగి, తడి బాగా ఆర్చి, ఉప్పు చల్లి, పిండిలో దొర్లించి, జల్లెడలో వేసి గట్టిగా విదిలిస్తారు. గుడ్డు లేదు, జారు పిండి లేదు. ఆలివ్ నూనె దగ్గర దగ్గర 180 డిగ్రీలకు కాగాక కొంచెం కొంచెంగా వేస్తారు. పున్తియీతాస్ నిమిషంలోపే తీసేయాలి, అసెదియాకు రెండు మూడు నిమిషాలు.

చెడేది మూడు చోట్ల. చేప తడిగా ఉంటే పిండి జిగురుగా మారి, వేగాక తొక్కలా ఊడుతుంది. ఒకే వాయిలో ఎక్కువ వేస్తే నూనె వేడి పడిపోయి, చేప వేగే బదులు నూనె పీలుస్తుంది. కింద వేసిన కాగితం మీద నూనె మడుగు కట్టి ఉంటే కారణం అదే. విదల్చని పిండి మూకుడు అడుగున మాడి తర్వాతి వాయికి నల్ల నలకలు అంటిస్తుంది. వేపుడు నూనె పదేపదే కాగితే అందులో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారబోయాలని స్పెయిన్‌లో నిబంధన. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు గానీ ముక్కు ఉంది. పాత నూనె వాసన టేబుల్ దాకా వస్తుంది.

నాలుగోది మనం చేసే తప్పు: మూడు వేపుళ్లు ఒకేసారి చెప్పడం. అన్నీ ఒకేసారి దిగుతాయి, మొదటిది తినేలోగా మిగతా రెండూ తమ ఆవిరికే మెత్తబడతాయి. ‘పోకో ఆ పోకో’, ఒకటి తర్వాత ఒకటి తెమ్మని ముందే చెప్పాలి.

కొత్త చోట మొదట అసెదియా తెప్పించండి. ఉప్పు, పిండి తప్ప ఏమీ లేని చేప కనుక హోటల్ సత్తా వెంటనే తేలుతుంది. కసోన్ ఎన్ అదోబో తర్వాత. అది చిన్న సొర ముక్కలను వెనిగర్, వెల్లుల్లి, జీలకర్ర, ఒరెగానో, పాప్రికాలలో నానబెట్టి వేయించేది. మన నాలుకకు అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది, కానీ ఆ నానబెట్టిన పులుపులో చేప వయసు కనపడదు. పైగా సొర జాతుల్లో పాదరసం ఎక్కువ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పదేళ్ల లోపు పిల్లలు కసోన్ తినొద్దని అదే ఆహార భద్రత సంస్థ స్పష్టంగా చెబుతోంది. మెనూ కార్డులో ఈ మాట ఎవరూ రాయరు.

‘ఫ్రితూరా వరియాదా’ అని కలగలుపు ప్లేటు ఉంటుంది. అందులో ఏమేం ఉన్నాయో అడగండి. అచ్చు తీసినట్టున్న ఉంగరాలు ఎక్కువగా కనిపిస్తే ఫ్రీజర్ సంచి నుంచి వచ్చినట్టే. స్పెయిన్‌కు గడ్డకట్టిన కటిల్‌ఫిష్, స్క్విడ్ ఇండియా నుంచీ చాలా వెళ్తాయి. సాన్‌లూకార్‌లో కూర్చుని అరేబియా సముద్రపు సరుకు తినడం కూడా అసాధ్యమేం కాదు. ఇక బొకెరోన్ మరీ సన్నగా ఉంటే వద్దనండి. ఈ సింధుశాఖలో 10 సెంటీమీటర్ల కంటే చిన్నవి పట్టకూడదు.

ముక్క ధర, మనిషి ధర

ముక్క లెక్కన అమ్మేది తోర్తియీతా దే కమరోనెస్. సెనగపిండి, గోధుమ పిండి, ఉల్లికాడలు, పార్స్‌లీ, చల్లని నీళ్లు, పెంకు తీయని చిట్టి రొయ్యలు. పిండి పలచగా ఉండాలి. గరిటెతో కాగిన నూనెలో పల్చగా పరిస్తే రవ్వదోశ అంచులా చిల్లులు చిల్లులుగా కరకరలాడుతుంది. మధ్యలో మందంగా, మెత్తగా ఉంటే పిండి గట్టిగా కలిపారన్నమాట. మనిషికి ఒకటి చాలు.

అన్నం వంటకాలకు రాసేది మనిషి ధర, కనీసం ఇద్దరికి. 18 అని చూసి ఆర్డరిస్తే బిల్లులో 36 వస్తుంది. అప్పటికప్పుడు వండితే 20 నిమిషాల పైనే పడుతుంది. అయిదు నిమిషాల్లో వచ్చిందంటే ముందే వండి పెట్టినది.

పచ్చి చేప, శాకాహారులు, తాగేవి

బొకెరోనెస్ ఎన్ వినాగ్రే వెనిగర్‌లో ఊరేసిన పచ్చి చేప. చేపల్లో ఉండే అనిసాకిస్ అనే పురుగు వెనిగర్‌కు చావదు. అందుకే పచ్చిగా వడ్డించే చేపను మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు గడ్డకట్టించాలని స్పెయిన్‌లో 2006 నుంచి హోటళ్లకు నిబంధన ఉంది. ‘ఇది ఫ్రీజ్ చేయలేదు, తాజాది’ అని ఎవరైనా గొప్పగా చెబితే అక్కడ ఆ ఒక్కటీ తినకండి.

కుటుంబంలో శాకాహారులుంటే పాపాస్ అలిన్యాస్ ఉంది. ఉడికిన బంగాళాదుంప, ఉల్లికాడలు, షెరీ వెనిగర్, ఆలివ్ నూనె. సాన్‌లూకార్ ఇసుక నేలల దుంపకు మంచి పేరుంది. పైన ట్యూనా లాంటి ‘మెల్వా’ ముక్కలు వేస్తారు, అవి వద్దంటే ‘సిన్ మెల్వా’ అనాలి. సాల్మోరెహో అనే టమాటా చిక్కటి సూపు మీద హామ్, గుడ్డు చల్లుతారు. ఏ కూరగాయ వేపుడైనా చేప వేగిన నూనెలోనే వేగి ఉంటుందని అనుకోవడమే క్షేమం. చేప, రొయ్య జాతి, నత్త-స్క్విడ్ జాతి మూడూ యూరోపియన్ చట్టంలో వేర్వేరు అలెర్జీ కారకాలు. రొయ్యలు పడనివాళ్లు ‘సీఫుడ్ అలెర్జీ’ అని గుండుగుత్తగా చెప్పకుండా ఏ జాతి పడదో విడమరిచి చెప్పాలి.

వేపుడుకు తోడు మన్‌సానియా. ఈ ఊళ్లోనే పీపాల్లో పండే, తీపి లేని తెల్ల వైన్. 15 శాతం ఆల్కహాల్, మామూలు వైన్ కంటే ఎక్కువ. చల్లగా, చిన్న గ్లాసుల్లో ఇస్తారు. ఇద్దరికి 375 మిల్లీలీటర్ల సగం సీసా చాలు. తాగనివాళ్లు ‘మోస్తో’ జోలికి వెళ్లొద్దు. స్పెయిన్‌లో మిగతా చోట్ల అది ద్రాక్షరసం, ఈ కాదిస్ జిల్లాలో కొత్త వైన్. మంచినీళ్లు కొళాయివి ఉచితంగా ఇవ్వాలని 2022 చట్టం చెబుతోంది. ‘ఆగ్వా దెల్ గ్రీఫో’ అని అడగకపోతే సీసా తెరిచి పెడతారు.

వేళలు, బిల్లు

మధ్యాహ్నం వంటగది ఒకటిన్నర నుంచి నాలుగు దాకా, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత. సాయంత్రం ఆరింటికి ఆకలితో వెళ్తే కాఫీ దొరుకుతుంది, చేప దొరకదు. ఆగస్టులో సముద్రం వెనక్కి తగ్గిన వేళ తీరం ఇసుక మీద గుర్రప్పందేలు జరుగుతాయి, 1845 నుంచీ ఉన్న ఆనవాయితీ. ఆ రోజుల్లో ముందే చెప్పుకోనిదే టేబుల్ దొరకడం కష్టం.

నలుగురికి ఒక లెక్క చెప్పాలంటే: 300 గ్రాముల ఉడికించిన రొయ్యలు, నాలుగు తోర్తియీతాలు, ఒక పాపాస్ అలిన్యాస్, ఒక అసెదియా రాసియోన్, ఒక సగం ప్లేటు పున్తియీతాస్, చివర ఒక కిలో చేప గానీ ఇద్దరి అన్నం గానీ. రెండూ పెట్టుకుంటే మిగిలిపోతుంది.

బిల్లు అడిగేదాకా తేరు. మిమ్మల్ని తరమకూడదన్న మర్యాద అది. వచ్చాక తూకం సరుకుల వరసలు చూడండి: గ్రాములు, ధర, మొత్తం విడివిడిగా ఉండాలి. హోటల్ భోజనం మీద పన్ను 10 శాతం. కార్డులో రాసిన ధరలోనే అది కలిసి ఉండాలి, చివర్లో విడిగా కలపకూడదు. బ్రెడ్డుకు మనిషికింత వేస్తారు. కార్డులో ధర రాసి ఉంటే అది సక్రమమే, వద్దనుకుంటే ముట్టకుండా తిప్పి పంపొచ్చు. టిప్పు తప్పనిసరి కాదు, చిల్లర వదిలితే చాలు. లెక్క తేలకపోతే ‘ఓహా దే రెక్లమసియోనెస్’ అడగండి. అది అధికారిక ఫిర్యాదు పత్రం, ప్రతి హోటల్లోనూ ఉండి తీరాలి. చాలాసార్లు ఆ పేరు వినగానే తూకం చీటీ బయటికి వస్తుంది.